చల్లగాలి చేసిన పని

మా ఉయ్యాల తెగిపడింది కిందటి వేసవిలో, ఆవకాయ పెట్టిన మూడోనాడు, సాయంత్రం అయిదున్నర గంటల వేళ. మూడోనాడని ఎందుకు జ్ఞాపకమంటే, ఆ పూటే మా ఆవిడ జాడీలు తిరగకలిపి, పైన నూనె పోసి, వాసెనలు కట్టి, 'అమ్మయ్య' అనుకుంటూ మేడమీదికి వెళ్ళి ఉయ్యాలబల్ల మీద కూర్చుంది. పక్కన మా మనవరాలు, ఆరేళ్ళది. అది మంచినీళ్ళు తాగివస్తానని దిగి రెండు మెట్లు దాటిందో లేదో, వెనకాల ఫెళ్ళుమని చప్పుడయింది. నేను కింద వరండాలో పేపరు చదువుకుంటున్నాను. పరుగెత్తి వెళ్ళేసరికి బల్ల ఒక మూల నేలకి ఆని ఉంది. మా ఆవిడ ఎడమచెయ్యి కిందపెట్టి పడి ఉంది. మణికట్టు ఎముక విరిగింది. ఆరువారాలు పిండికట్టు.

పిల్ల దిగకుండా ఉండి ఉంటే ఏమయేదో ఇప్పటికీ తలుచుకోను.

ఆ ఉయ్యాల సంగతి కొంచెం చెప్పాలి. అది మా అత్తవారిది. కోనసీమలో (2022 నుంచీ అది వేరే జిల్లా అయింది) వారి మండువా ఇంట్లో దూలానికి వేలాడుతూ ఉండేది. మంచి టేకుబల్ల, మనిషి కాళ్ళు చాపుకుని నిద్రపోవచ్చు. మా పెళ్ళిలో బంతులాట ఆడింది దానిమీదే. నేను ఓడిపోయాను కూడాను. ఆ ఇల్లు అమ్మేసినప్పుడు మా బావమరిది "నీకేం కావాలో పట్టుకెళ్ళు అక్కా" అంటే ఈవిడ ఇత్తడి అడగలేదు, వెండి అడగలేదు. ఆ బల్లా నాలుగు గొలుసులూ అడిగింది. వేనుమీద వేయించి రాజమండ్రి తెచ్చుకున్నాం. తీరా తెచ్చేక దానవాయిపేటలోని మా డాబా ఇంటికి దూలాలెక్కడివి? అంచేత మేడమీద రేకుల పందిరి కింద ఇనపపైపులతో ఒక చట్రం కట్టించి, పైపైపుకి నాలుగు రింగులు అతికించి, వాటికి గొలుసులు తగిలించేం.

ఆ రింగులలో ఒకటి ఊడింది.

అతికినవాడు మా వీధి చివరి కుర్రవాడు. ఐటీఐ చదివేడు, అప్పు చేసి కొత్త మిషను కొన్నాడు. "ఇది రాడ్డు మిషను కాదు బాబాయిగారూ, గ్యాసు మిషను. అతుకు ముగ్గులా వస్తుంది చూడండి" అన్నాడు. నిజంగా ముగ్గులాగే వచ్చింది. పైన గ్రైండింగు చేసి, రంగు వేసి ఇచ్చేడు. అడిగినంతా ఇచ్చేను.

ఇక ఉయ్యాల పడ్డ మర్నాటినుంచి వారంరోజులపాటు నేను ఆ కుర్రవాణ్ణి ఎన్నేసి మాటలన్నానో రాస్తే పత్రికవారు అచ్చువెయ్యరు. వాడిముందు అన్నవి కొన్ని. వీధిలో, గుడిదగ్గర, పాలవాడితో అన్నవి ఎక్కువ. దాని ఫలితం ఏమయిందో తరవాత చెబుతాను.

కట్టు కట్టిన డాక్టరుగారు సరసులు. "ఎముక అతకడం నా పని. ఇనుము ఎందుకు అతకలేదో అది తెలిసినవాణ్ణి అడగండి" అన్నారు. సరేనని, ఊడిన రింగునీ, అది అంటుకుని ఉన్న పైపు ముక్కనీ పాత పేపరులో చుట్టి, ధవళేశ్వరం దారిలో ఒక పాత షెడ్డు ఉంటే అక్కడికి తీసుకువెళ్ళేను. ఆ షెడ్డు మేస్త్రి వయసులో ఉన్నప్పుడు విశాఖపట్నం షిప్‌యార్డులో పనిచేసి వచ్చినవాడు. ఇప్పుడు రైసుమిల్లులకి బకెట్లు, తొట్లు, భీమవరం వైపు రొయ్యల చెరువులవాళ్ళకి మేతపెట్టెలు చేస్తాడు. మాట తక్కువ. ముక్కని వెలుతురులోకి తీసుకువెళ్ళి, జేబులోంచి భూతద్దం తీసి, విరిగిన ముఖం చూసి నా చేతికిచ్చేడు.

"ఏం కనపడుతోంది బాబుగారూ?"

చూసేను. పైన రంగు నునుపుగా ఉంది గాని, లోపల ఇనుమంతా పెనంమీద అట్టు వేసినప్పుడు పడే చిల్లులలాగ ఉంది. కొన్ని ఆవగింజంత, కొన్ని ఇసకరేణువంత. రెండు మూడు చిల్లులు వానపాము బొరియల్లా పొడుగ్గా సాగి ఉన్నాయి.

"ఇది ఇనుము కాదు, అట్టు" అన్నాను.

"అదే. పోరాసిటీ అంటారు. అతుకు ఇంత లావుంది గాని బరువు మోసే ఇనుము అందులో సగం లేదు."

నేను వెంటనే కుర్రవాడిమీద నా ఉపన్యాసం ప్రారంభించబోయాను. మేస్త్రి చెయ్యి అడ్డం పెట్టేడు. పైపు తుప్పుదా? నూనె ఏమైనా అంటి ఉందా? జింకుపూత ఉన్న జి.ఐ. పైపా? రంగు గీకకుండా దానిమీదే అతికేడా? ఇవన్నీ కూడా చిల్లులు పెడతాయట. ముఖ్యంగా జింకు, ఆ వేడికి ఆవిరై పొంగుతుందట. ఒక్కొక్కటే ముక్కలో వెతికి చూసి, 'కాదు' అని తల ఊపేడు. పైపు నల్లపైపు; కుర్రవాడు శుభ్రంగానే గీకేడు. "చట్రం మొత్తం పంపండి. మిగతా మూడు రింగులూ చూడాలి" అన్నాడు.

మర్నాడు ఆ మూడింటినీ నా కళ్ళముందే కోసేడు. వైసులో బిగించి సుత్తితో కొట్టి విరిచేడు. రెండు రింగులు ఎంత కొట్టినా విరగలేదు; చివరకి విరిగితే లోపల బూడిదరంగులో, కలకండ పలుకులా గట్టిగా ఉంది ఇనుము. ఒక్క చిల్లి లేదు. మూడోది మాత్రం రెండు దెబ్బలకే ఊడింది. మళ్ళీ అట్టు.

"ఒకే మనిషి, ఒకే మిషను, ఒకే రోజు. రెండు బంగారం, రెండు మట్టి. ఈ రెండు మట్టివీ ఎటువైపువి?" అని అడిగేడు మేస్త్రి.

గోదావరి వైపువి. ముందు వీధివైపు రెండూ అతికేడు కుర్రవాడు, పొద్దున్న తొమ్మిదింటికి. తరవాత కాఫీ తాగేడు. తరవాత గోదావరివైపు రెండూ అతికేడు. అంతా నాకు బాగా జ్ఞాపకం, ఎంచేతంటే దగ్గరుండి చేయించింది నేనే.

"కాఫీకీ రెండో పనికీ నడుమ ఏదైనా మారిందా? సిలిండరు మార్చేడా? పైపు లాగేడా?"

"లేదు. అన్నీ అలాగే ఉన్నాయి. పాపం చెమటతో తడిసి ముద్దయిపోతున్నాడు. మే నెల ఎండ మీకు తెలుసుగా. చూడలేక నేనే కిందనుంచి పెడస్టల్ ఫేను తెచ్చి..."

అక్కడ ఆగిపోయాను. మేస్త్రి ఏమీ అనలేదు. భూతద్దం జేబులో పెట్టుకున్నాడు.

"ఎంత దూరంలో పెట్టేరు?" అన్నాడు కాసేపటికి.

"రెండడుగులు."

ఫేను నాది. ప్లగ్గు పెట్టింది నేను. మీట మూడో నెంబరుకి తిప్పింది కూడా నేనే.

*

ఫేనుకీ ఇనుముకీ ఏమిటి సంబంధమని ఆ రాత్రి మా ఆవిడ అడిగింది. మేస్త్రి నాకు చెప్పినదంతా చెప్పేను. ఇనుము 1500 డిగ్రీల పైచిలుకు వేడికి గాని కరగదు. కరిగిన ఆ చుక్క గాలిని తాగుతుంది. మనం పీల్చే గాలిలో ముప్పాతిక మించి నైట్రోజను. అది కరిగిన ఇనుములో కలుస్తుంది. ఇనుము గట్టిపడేటప్పుడు అందులో ఉండలేక బుడగలై బయటికి రాబోతుంది. దారి మూసుకుపోతే అక్కడే చిల్లయి ఉండిపోతుంది. ఆక్సిజను ఇనుమునే కాలుస్తుంది. గాలిలో తడి ఉంటే అందులోని హైడ్రోజను మరో శత్రువు. అందుకని, తీగ కరుగుతున్నంతసేపూ టార్చి మూతిలోంచి వేరే గ్యాసు వచ్చి ఆ చుక్క చుట్టూ కమ్ముకుని, గాలిని దగ్గరకి రానివ్వకుండా కాపాడుతుంది. ఆ గ్యాసు మండదు, వెలగదు, వాసన లేదు, కంటికి కనపడదు. ఫేను గాలికి అది ఎగిరిపోయింది.

మా ఆవిడ పిండికట్టు ఒళ్ళో పెట్టుకుని అంతా విని, "ఆవకాయ మీద నూనె అన్నమాట" అంది.

అంతకంటే బాగా మేస్త్రీ చెప్పలేదు, నేనూ చెప్పలేను. ముక్క పైకి తేలి గాలి తగిలితే బూజు. తడిగరిటె పెడితే బూజు. నూనె పైన నిలబడి ఉన్నంతకాలం ఏడాది పొడుగునా ఏమీ కాదు. "అయితే జాడీమీద నూనె పోసి, పక్కనే నిలబడి మీరే ఊదేరన్నమాట" అని కూడా అంది. ఆ మాట ఇక్కడ రాయకపోదును గాని, నిజం గనుక రాస్తున్నాను.

ఈ గ్యాసులలో ముఖ్యమైనవి రెండు. ఒకటి ఆర్గాను. 1894లో ఇంగ్లండులో రేలీ, రామ్సే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు గాలిలో దీన్ని కనిపెట్టేరు. ఎవరితోనూ కలవదు, ఏ పనీ చెయ్యదు గనుక గ్రీకుభాషలో 'సోమరి' అనే అర్థం వచ్చే పేరు పెట్టేరు. మన గాలిలో అది నూటికి ఒక పాలు కూడా లేదు, 0.93 మాత్రమే. గాలిని చల్లబరిచి ద్రవం చేసి దాన్ని విడదీస్తారు. విశాఖ ఉక్కు కర్మాగారంలో ఆక్సిజను కోసం గాలిని విడదీసేచోట ఆర్గాను కూడా వస్తుంది. ఇలాంటి సోమరి గ్యాసులని అతుకుల పనిలో పెట్టడం రెండో ప్రపంచయుద్ధకాలంలో అమెరికాలో విమానాలు కట్టేవాళ్ళతో ఊపందుకుంది. రెండోది మన సోడాబుడ్డి గ్యాసే, కార్బన్ డయాక్సైడు. చవక. ఇనుముకి సరిపోతుందని 1950ల తొలినాళ్ళలో రష్యావాళ్ళు నిరూపించేరు. మా కుర్రవాడి సిలిండరు ఇదే. స్టీలుకి, అల్యూమినియానికి మాత్రం ఇది పనికిరాదు, ఆర్గానే కావాలి.

అంతకుముందు ఏం చేసేవారని నాకు సందేహం వచ్చింది. మేస్త్రి చెయ్యి గోదావరివైపు చూపించేడు. అక్కడ 1900లో తెరిచిన హేవలాక్ వంతెన ఉంది, యాభయ్యారు ఖానాలది. 1997లో రైళ్ళు ఆపేసేరు గాని మనిషి ఇంకా నిలబడే ఉన్నాడు. ఆ ఇనపదూలాలకి అతుకులు లేవు, రివెట్లు. ఎర్రగా కాల్చిన మేకుల్ని దూర్చి రెండోవైపు గుండు చదును చెయ్యడం. అందులో గాలికి ఏమీ ప్రమేయం లేదు. చిన్నప్పుడు ఆ వంతెనమీద రైలులో పోతూ కిటికీలోంచి పైసలు గోదావరిలోకి వేసినవాణ్ణి, ఆ రివెట్ల గుండ్లు ఎన్నిమార్లు చూసేనో. ఎందుకున్నాయని ఒక్కసారీ అడగలేదు.

*

మా ఆవిడ చెయ్యి అతుకుతున్న ఆ ఆరువారాలూ నేను పొద్దున్నే నడకకని బయలుదేరి ఆ షెడ్డుకి పోయేవాణ్ణి. అతికేటప్పుడు ఆ వెలుగుకేసి చూడనిచ్చేవాడు కాదు మేస్త్రి, కళ్ళు పోతాయని. నేను చూసింది ముందు తతంగం. మిషను స్విచ్చి వెయ్యకముందు పది నిమిషాలు అతను చేసే పని. దానిని అతను 'గ్యాసు చూడడం' అంటాడు. కనపడనిదాన్ని చూడడం ఎలాగా అనుకున్నాను. చూడవచ్చు.

మొదట సిలిండరు. రంగు చూసి మోసపోకూడదట. మన దేశంలో ఆర్గానుకి నీలం, ఆక్సిజనుకి నలుపు, ఎసిటిలీనుకి ముదురు మెరూను అని ఉన్నమాట నిజమే గాని, రంగులు వెలుస్తాయి, సిలిండర్లు చేతులు మారుతాయి. 2021లో కరోనా రెండో విడత వచ్చి ప్రాణవాయువుకి కటకటలాడినప్పుడు ఆర్గాను సిలిండర్లని శుభ్రంచేసి ఆక్సిజనుకి వాడుకోవడానికి కేంద్రప్రభుత్వమే అనుమతి ఇచ్చింది. అందుకని లేబిలు చదవాలి. లేబిలు లేకపోతే ఆ సిలిండరు వెనక్కే.

తరవాత ఎంత ఉందో చూడాలి. ఇక్కడ నేను బోల్తాపడ్డాను. గేజీలో ముల్లు నిండుగా చూపిస్తోంది గదా అన్నాను. మేస్త్రి నవ్వేడు. ఆర్గాను అయితే ముల్లు నిజమే చెబుతుంది. గ్యాసు తగ్గినకొద్దీ దిగుతుంది. కార్బన్ డయాక్సైడు మాత్రం సిలిండరులో ద్రవంగా ఉంటుంది. ఆ ద్రవం చివరి బొట్టు ఉన్నంతవరకూ ముల్లు కదలదు. 20 డిగ్రీల దగ్గర 57 బార్లు, సగం వాడినా అంతే, ముప్పాతిక వాడినా అంతే. అటుతరవాత ఒక్కసారిగా పడిపోతుంది, పని మధ్యలో. పైగా 31 డిగ్రీలు దాటితే ద్రవమూ ఆవిరీ అనే భేదమే పోతుందట. మన రాజమండ్రి వేసవి సంగతి చెప్పాలా? అందుచేత అతను ముల్లుని నమ్మడు, కాటా వేస్తాడు. ఖాళీ సిలిండరు బరువు దానిమీదే చెక్కి ఉంటుంది. వంటగ్యాసు బండ 14.2 కిలోలు ఉందో లేదో తూయించుకునే గృహిణులకి ఇది నేను వేరే వివరించనక్కరలేదు.

ఆపైన రెగ్యులేటరు. కార్బన్ డయాక్సైడు ఒత్తిడి తగ్గి వ్యాకోచించేటప్పుడు ఎంత చల్లబడుతుందంటే, మే నెలలో, రాజమండ్రిలో, మధ్యాహ్నం రెండు గంటలకి నేను ఆ ఇత్తడి మీద తెల్లటి మంచు చూసేను. లోపల కూడా అలాగే గడ్డకట్టిందంటే దారి మూసుకుని, గ్యాసు వచ్చీ రాక వస్తుంది. అందుకని దానికి చిన్న హీటరు తగిలిస్తారు. మేస్త్రి హీటరు స్విచ్చి వేసి, కొన్ని నిమిషాలాగి, చేత్తో పట్టుకు చూస్తాడు. వెచ్చబడితేనే పని. అక్కడ గాజుగొట్టంలో ఒక చిన్న గుండు ఉంటుంది, గ్యాసు వదిలితే లేస్తుంది. నిమిషానికి ఎన్ని లీటర్లు పోతోందో చెబుతుంది. గొట్టం నిటారుగా ఉండాలి, వాలి ఉంటే అబద్ధం చెబుతుంది. మామూలు పనికి 10 నుంచి 15 లీటర్లు.

"మరి కాస్త భద్రంగా ఉంటుంది, 25 పెట్టుకోకూడదా?" అన్నాను. గుమాస్తా బుద్ధి, ఎక్కువ రాస్తే ఆడిటరు నోరెత్తడని.

మేస్త్రి నన్ను షెడ్డు వెనక కుళాయి దగ్గరికి తీసుకువెళ్ళేడు. సన్నగా తిప్పేడు. నీటిధార గాజుకడ్డీలా, కదలకుండా పడింది. పూర్తిగా తిప్పేడు. ధార చెదిరి, బుసబుసమని తుంపరలై, గాలినంతా తనలో కలుపుకుని తెల్లగా పడింది. "గ్యాసూ అంతే. ఎక్కువైతే సుడులు తిరిగి చుట్టూ ఉన్న గాలిని లోపలికి లాక్కుంటుంది. మీ కుర్రవాడు చిల్లులు పడుతున్నాయని చూసి ఏం చేసి ఉంటాడు? పెంచి ఉంటాడు." తరవాత కుర్రవాణ్ణి అడిగితే అదే నిజమని తేలింది.

రెగ్యులేటరు దగ్గర 12 లీటర్లు చూపిస్తే టార్చి మూతి దగ్గరా 12 వస్తోందని ఏమిటి నమ్మకం? నడుమ హోసు పైపు ఉంది. బిగింపులున్నాయి. నా దృష్టిలో అసలు విద్య ఇక్కడే ఉంది. అతని దగ్గర అరచేతిలో పట్టే ఒక ప్లాస్టిక్ గొట్టం ఉంది, లోపల బంతి ఉన్నది. టార్చి మూతిని దానికి ఆనించి మీట నొక్కుతాడు. పైన 12 ఉండి ఇక్కడ 8 వచ్చిందంటే నడుమ ఎక్కడో దొంగ ఉన్నాడు. అప్పుడు సబ్బునీళ్ళ గిన్నె, కుంచె. ప్రతి బిగింపుమీదా రాసి బుడగలకోసం చూస్తాడు. బుడగలు కనపడనంత సన్నటి కారుడుకి మరో ఉపాయం ఉంది: గ్యాసు వదిలి, సిలిండరు కట్టేసి, టార్చి నొక్కకుండా అయిదు నిమిషాలు ఊరుకోవడం. ముల్లు దిగితే కారుతున్నట్టు. కారితే గ్యాసు పోతుంది, డబ్బు పోతుంది, అంతేగా అనుకున్నాను. కాదు. గ్యాసు బయటికి పోయే సందులోంచే బయటి గాలీ తేమా లోపలికి చేరతాయి. అది జాడీలో తడిగరిటె.

తేమ సంగతి మన డెల్టాలో వేరే చెప్పాలి. నాలుగువైపులా కాలవలు, వరిచేలు, చెరువులు, ఇటు గోదావరి, అటు సముద్రం. రాత్రంతా ఊరుకున్న రబ్బరు హోసులోకి చెమ్మ చేరుతుంది. అందుకని పొద్దున్న మొదటిసారి గ్యాసుని కాసేపు ఊరికే వదిలేస్తాడు మేస్త్రి. వర్షాకాలమైతే మరికాస్త సేపు. ఆ వదిలిన గ్యాసు ఖర్చు కుర్రవాళ్ళకి దండగలా కనిపిస్తుందట. "పళ్ళు తోముకోకుండా కాఫీ తాగేరకం" అంటాడు.

ఇక టార్చి. దాని మూతికి నాజిలు అనే రాగి గొట్టం ఉంటుంది. పని చేస్తూంటే నిప్పురవ్వలు ఎగిరి దానిలోపల గారలా పేరుకుంటాయి. సగం మూసుకుపోయిన మూతిలోంచి గ్యాసు ఒకవైపే వస్తుంది. అది విప్పి, గీకి, దానివెనక గ్యాసు వచ్చే చిన్నచిన్న బెజ్జాలని పుల్లతో పొడిచి చూస్తాడు. మిషనుకి టార్చి తగిలేచోట ఒక రబ్బరు ఓ-రింగు ఉంటుంది, పిల్లల వేలి ఉంగరమంత. కాఫీ ఖరీదు కూడా చెయ్యదు. అది చిట్లినా, జారిపోయినా గాలి లోపలికి లాగి అతుకంతా అట్టయిపోతుంది. వేలకివేలు పోసి మిషను కొన్నవాడు ఆ ఉంగరం ఉందో లేదో చూసుకోడని అతని ఫిర్యాదు.

అన్నీ అయ్యేక చివరకి అగరువత్తి. షెడ్డులో కనకదుర్గ పటం ముందు ఎలాగూ వెలిగిస్తాడు. అందులో ఒకటి తెచ్చి పనిచేసేచోట పట్టుకు నిలబడతాడు. పొగ నిలువుగా లేస్తే సరే. వాలిందంటే తలుపు మూస్తాడు, లేదా చుట్టూ రేకులు అడ్డం పెడతాడు. అమెరికావాళ్ళ వెల్డింగు నిబంధనల్లో గంటకి 8 కిలోమీటర్లకి మించిన గాలిలో అడ్డం లేకుండా ఈ గ్యాసు వెల్డింగు చెయ్యరాదని ఉంది. ఎనిమిదంటే తాటాకు విసనకర్ర గాలి. గోదావరి గట్టున సాయంకాలం వచ్చే గాలి అంతకంటే జోరు. రెండడుగుల్లో మూడో నెంబరు మీద తిరిగే పెడస్టల్ ఫేను మాట ఇంక ఎత్తకండి.

మేడమీద పని కాబట్టి రాడ్డు మిషనే సరిగా ఉండేదన్నాడు. ఆ రాడ్డుకి పూసిన పూత కాలి తన పొగ తానే పుట్టించుకుని, పైన గాజులాంటి చిట్టెం కప్పుతుంది; కాస్త గాలికి ఓర్చుకుంటుంది. కొత్తదని పాతదాన్ని పారెయ్యకూడదని అతను అనలేదు గాని, నేను అనుకున్నాను.

ఒకరోజు ఒక మిల్లునుంచి పెద్ద తొట్టి వచ్చింది, లోపలికి దిగి అతకాలి. గాలి తగలని చోటు గదా, ఇక మంచిదే అన్నాను తెలివిగా. మేస్త్రి ముఖం మారిపోయింది. ఆర్గాను, కార్బన్ డయాక్సైడు రెండూ గాలికంటే బరువైనవి. తొట్టి అడుగున నీళ్ళలా నిలుస్తాయి. అతుకుని కాపాడే ఆ గ్యాసే మనిషికి ఊపిరాడనివ్వదు. ఆర్గానుకి వాసనా ఉండదు, దగ్గూ రాదు, రెండు నిమిషాల్లో మనిషి కూలబడతాడు. రక్షిద్దామని దిగినవాడూ కూలబడతాడు. మన పల్లెల్లో పాతనూతుల్లో జరిగే ఘోరాలవంటిదే. అందుకని తొట్టిలో మనిషి ఉంటే పైన ఇంకొకడు కాపలా ఉండాల్సిందే, తొట్టిలోకి కొత్తగాలి పంపాల్సిందే, అన్నం వేళ టార్చి పైకి తీసి సిలిండరు కట్టెయ్యాల్సిందే. ఆ గాలి అతుకుమీదికి పోకుండా, మనిషి ముఖానికి అందేటట్టు ఏర్పాటు చెయ్యడానికి ఆ పూటంతా పట్టింది అతనికి.

*

కుర్రవాడి సంగతి చెబుతానన్నాను గదా. నేను వారంరోజులు ఊదిన ఊదుడికి మా వీధిలో వాడికి రావలసిన రెండు గేట్ల పని వేరేవాళ్ళకి పోయింది. అప్పుతో కొన్న మిషను. వాయిదా ఆగింది. ఇదంతా నాకు వాడి తల్లి చెప్పింది, నేను వెళ్ళి అరుగుమీద కూర్చున్నప్పుడు. క్షమించమని అడగడానికే వెళ్ళేను గాని, మనకంటే నలభైయేళ్ళు చిన్నవాణ్ణి క్షమాపణ అడగడం అంత సులువు కాదు. ఫేను మాట చెప్పేను. వాడు తల వంచుకుని, "నాకు చిల్లులు కనపడ్డాయి బాబాయిగారూ. గ్రైండరు పెట్టి మూసేశాను. చెబితే మళ్ళీ పని ఇవ్వరేమోనని" అన్నాడు.

ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

మర్నాడు వాణ్ణి షెడ్డుకి తీసుకువెళ్ళేను. మేస్త్రి మమ్మల్నిద్దర్నీ చూసి, "ఫేను పెట్టినాయనది సగం, గ్రైండరు పట్టినాయనది సగం. కాని గ్రైండరు పట్టినాయనకి తెలుసు" అన్నాడు. అంతటితో సరి. వాడి మిషను అక్కడికే తెప్పించి విప్పించేడు. ఓ-రింగు చిట్లి ఉంది, నాజిలు పావువంతు మూసుకుపోయి ఉంది. ఆ రెండూ ఉండి కూడా పొద్దుటి రింగులు బాగా వచ్చేయంటే గాలిలేని ఆ గంట ఎంత మేలు చేసిందో చూసుకోమన్నాడు.

చట్రం మళ్ళీ కుర్రవాడి చేతే చేయించేడు, షెడ్డులోనే, తలుపులు వేసి. ముందు పాత ఇనపముక్కమీద అతికించి, విరిచి చూసి, అప్పుడు గాని అసలుదాన్ని ముట్టుకోనివ్వలేదు. మనుషులు కూర్చునే దానికి అతుకొక్కదాన్నే నమ్మకూడదని ప్రతి రింగుకీ పైపు చుట్టూ తిరిగే బోల్టుపట్టీ కూడా వేయించేడు. నాలుగు సిమెంటు బస్తాలు బల్లమీద పెట్టి రాత్రంతా వేలాడదీశాడు. మేడమీదికి తెచ్చేక అక్కడ అతికింది ఏమీ లేదు. అంతా బోల్టుల బిగింపే.

శ్రావణమాసంలో మొదటి శుక్రవారం, పేరంటానికి వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక మా ఆవిడ పైకి వచ్చింది. కట్టు విప్పి నెల అయింది. కుర్రవాడు కూడా ఉన్నాడు. వాడికి శనగలూ అరటిపండూ ఇచ్చింది. మనవరాలు అప్పటికే బల్లెక్కి కూర్చుంది. ఈవిడ గొలుసు పట్టుకు లాగి చూసింది. రింగుకేసి చూసింది. తరవాత నాకేసి తిరిగింది.

"ఏవండీ, ఆ ఫేను ఎక్కడ పెట్టేరు?"

"కింద గదిలో. తాళం వేసేను."

అప్పుడు కూర్చుంది.